మా తరగతికి ఒక మామ్మ

ఈ వ్యాసంలో 'మేము' అంటే 12 మందిమి. మన బడిలో తెలుగు పీరియడుకు వచ్చే 11 మంది పిల్లలు, వాళ్ళకు పాఠం చెప్పే టీచరు ఒకరు. రాసింది ఒక్క చెయ్యే అయినా విన్నవి 12 జతల చెవులు. అందుకే ఎక్కడా 'నేను' అని రాయడం లేదు.

వేసవి సెలవులు అయిపోయి బడి తెరిచిన వారంలో తరగతిలో ఒక చిన్న రాతపని పెట్టుకున్నాం. 'మా సొంతూరు' అనే విషయం మీద 10 వాక్యాలు రాయాలి. 20 నిమిషాలు గడిచాయి. చాలా కాగితాల్లో రెండో వాక్యం పడలేదు. "మా నాన్నగారి ఊరు తుని. నేను పుట్టింది జోధ్‌పూర్‌లో. చదివింది 4 బళ్ళలో" అని రాసి ఒక అబ్బాయి ఆపేశాడు. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె, ఊరి పేరు ఉండాల్సిన చోట అడ్డంగా ఒక గీత గీసి ఇచ్చింది. ఫారాల్లో మనకు వర్తించని గడిలో గీస్తామే, అలాంటి గీత.

ఆ గీత చూసి నవ్వడానికి మాలో పెద్దవారికి కూడా అర్హత లేదు. ఖరగ్‌పూర్, రాయగడ, బళ్ళారి, ఇప్పుడు భిలాయి. పదేళ్ళలో 4 ఊళ్ళు. ప్రతి ఊళ్ళోనూ పాలవాడి లెక్క తేల్చుకోవడం, గ్యాస్ పుస్తకం మార్చుకోవడం, పుస్తకాలను మళ్ళీ అవే అట్టపెట్టెల్లో సర్దుకోవడం. అట్టపెట్టెల మీద పాత ఊరి పేరు కొట్టేసి కొత్త ఊరి పేరు రాయడానికి ఇక చోటు మిగల్లేదు.

సరే, ఊరు వద్దు, ఇంట్లో పెద్దవాళ్ళ గురించి రాద్దామని అనుకున్నాం. అదీ కష్టమే అయింది. బదిలీల ఇళ్ళలో తాతయ్యలూ అమ్మమ్మలూ ఉండరు. "మా తాతగారు వీడియో కాల్‌లో ఉంటారు" అని ఒకరు రాశారు. అది తప్పు వాక్యం కాదు కాబట్టి దిద్దలేదు. అప్పుడు వెనక బల్ల మీద కూర్చునే అబ్బాయి లేచి, "మా ఇంట్లో నిజంగా ఉంది. మా నాన్నగారి నాయనమ్మ" అన్నాడు. వాళ్ళ నాన్న ఇక్కడి ఉక్కు కర్మాగారంలోనే పని చేస్తారు. మాలో బదిలీ లేని ఇల్లు అదొక్కటే.

అలా తరగతి అంతటికీ కలిపి ఒక్క మామ్మను అరువు తెచ్చుకున్నాం.

*

తల్లిదండ్రుల అనుమతులు తీసుకుని, ఒక రెండో శనివారం ఉదయం ఖుర్సీపార్‌కు వెళ్ళాం. భిలాయిలో తెలుగు మాట ఎక్కువగా వినిపించే పేటల్లో అదొకటి. ఇంటి ముందు ముగ్గు, గుమ్మానికి ఎండిన మామిడాకులు, అరుగు మీద గోడకు ఆనుకుని మామ్మ. చెవులకు తమ్మెలు సాగి ఉన్నాయి. కళ్ళు సరిగా కనిపించవుగానీ చెవులు మా కన్నా చురుకు. మేము చెప్పులు విప్పుతుండగానే అడిగింది.

"ఏ వూరు గుంటలు మీరు?"

మేము తప్పించుకుని వచ్చిన ప్రశ్నే మళ్ళీ ఎదురైంది. ఎవరూ మాట్లాడలేదు. చివరికి గీత గీసిన అమ్మాయే ధైర్యం చేసింది.

"మాకు సొంతూరు లేదు మామ్మా. మా నాన్నకు ట్రాన్స్‌ఫర్లు అవుతాయి."

"వూరు నేకపోవడమేటే? రేత్రి ఎక్కడ తొంగున్నావు?"

"క్వార్టర్‌లో."

"బువ్వెక్కడ తిన్నావు?"

"అక్కడే."

"మరదే కదేటే నీ వూరు, ఈ పొద్దుకి."

'తొంగున్నావు' అంటే పడుకున్నావు అని అర్థం. ఆ మాట మా 12 మందిలో ముగ్గురికే తెలుసు. మిగతావాళ్ళం ఆ పూటే నేర్చుకున్నాం.

ఆ రోజు మొదలు నెలకు రెండు సార్లు చొప్పున శీతాకాలం దాకా వెళ్ళాం. ఒక పెద్ద నోటుపుస్తకం కొన్నాం. మొదటి పేజీలో పేరు, పుట్టిన తేదీ, ఊరు అని గడులు గీశాం. పేరు ఈ పత్రికలో వేయవద్దని ఇంటివాళ్ళు కోరారు, కాబట్టి మామ్మ అనే రాస్తున్నాం. పుట్టిన తేదీ దగ్గర అసలు చిక్కు వచ్చింది. ఆధార్ కార్డులో 1934, జనవరి 1 అని ఉంది. "ఆ తారీకు ఎవరు చెప్పారు మామ్మా?" అంటే, "నాను చెప్పనేదు, ఆ బాబే ఏసేసుకున్నాడు" అంది.

అయితే ఎప్పుడు పుట్టినట్టు?

"నాకు తెల్దు. ఇసాపట్నంలో బాంబులు పడినప్పటికి నా పెద్ద గుంట ఒళ్ళో ఉంది."

ఇక్కడ మాలో లెక్కల పిచ్చి ఉన్నవాళ్ళకు పని దొరికింది. జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేసింది 1942 ఏప్రిల్ 6న. ఆధార్ ప్రకారం అప్పటికి మామ్మకు 8 ఏళ్ళు. 8 ఏళ్ళ పిల్ల ఒళ్ళో పిల్ల! అరుగంతా నవ్వులే. పదమూడో ఏట పెళ్ళయిందని, అది జరిగి మూడేళ్ళకు పెద్ద పిల్ల పుట్టిందని ఆమె చెప్పిన మాటల్ని పట్టుకుని వెనక్కి లెక్కవేస్తే పుట్టింది 1926 ప్రాంతం. అంటే మేము చూసిన ఏడాదికి ఆమెకు 98.

*

చంపావతి నది ఒడ్డున, నెల్లిమర్లకు రెండు కోసుల దూరంలో ఆమె అత్తవారి పల్లె. అర ఎకరం పల్లపు చేను, కాస్త మెట్ట. మెట్టలో చోళ్ళు, గోగు. గోగును కోసి కట్టలు కట్టి నీళ్ళలో నానబెట్టి నార తీసేవారు. ఆ నార వాసన చేతులకు పట్టుకుంటే మూడు రోజులు వదలదట. అదే ఆమె కొత్త కాపురం. తెల్లవారుజామున అంబలి కాచడం, పేడ ఎత్తడం, ఉడుపుల రోజుల్లో మోకాలి లోతు బురదలో వంగిన నడుము ఎత్తకుండా నాట్లు వేయడం. "కాపోడి పెళ్ళాం అంటే పొలానికి రెండో ఎద్దు" అంది ఒకసారి. నవ్వుతూనే అంది.

ఆమె మామగారు రంగంలో ఉండేవారు. రంగం అంటే ఇప్పటి మయన్మార్‌లోని రంగూన్. ఉత్తరాంధ్ర తీరం నుంచి వేలాది మంది బతుకుతెరువు కోసం ఓడెక్కి వెళ్ళిన ఊరు. అక్కడి నుంచి వచ్చే డబ్బుతోనే ఇంట్లో ఉప్పూ కిరసనాయిలూ. 1942 మార్చిలో జపాన్ సేనలు రంగూన్‌ను పట్టుకున్నాయి. డబ్బు ఆగిపోయింది. ఉత్తరాలు ఆగిపోయాయి. బర్మా బియ్యం రావడం కూడా ఆగిపోయింది. అడవులూ కొండలూ దాటి నడిచి వచ్చినవాళ్ళు కొందరు ఊళ్ళకు చేరారు, దారిలో పోయినవాళ్ళు పోయారు. ఆమె మామగారి కబురు ఎప్పటికీ రాలేదు.

"రంగం డబ్బులు ఆగిపోనాయి. గాదిలో చోళ్ళు అయిపోనాయి. మరేటి తింటాం? మిల్లుకెల్లినాను."

నెల్లిమర్ల జూట్ మిల్లు గురించి ఆమె చెప్పింది. జూట్ అంటే జనపనార, గోనె సంచులు నేసే నార. భర్త చేను చూసుకునేవాడు. ఆమె చీకటితో లేచి, అంబలి ముంత పట్టుకుని, ఊళ్ళోని మరో నలుగురు ఆడవాళ్ళతో కలిసి నడిచి వెళ్ళేది. మిల్లు కూతే గడియారం. నేసి వచ్చిన గోనె బట్టను మడిచి అంచులు కుట్టడం ఆమె పని. దానికి వాడే లావుపాటి సూదిని దబ్బనం అంటారు. వంగపండు రంగు గుడ్డలో చుట్టి దాచిన తన దబ్బనాన్ని ఆమె మాకు చూపించింది. జానెడు లేదు. మొన దగ్గర అరిగి కొంచెం వంగి ఉంది.

"యుద్ధానికి ఇసక సంచులన్నారు. ఇసక మా యేట్లో ఎంత కావాలంటే అంత ఉంది. దానికి సంచులు కుట్టి ఓడలెక్కించడమేటని నవ్వుకునేవోళ్ళం."

బాంబుల ముక్కలు, తుపాకి గుళ్ళు తగలకుండా ఇసుక సంచులు పేర్చి గోడలు కట్టేవారని మేము ఆమెకు చెప్పాం. 1939లో యుద్ధం మొదలైనప్పటి నుంచి ఈ దేశపు గోనె మిల్లులకు అలాంటి సంచుల కోసం పెద్ద ఎత్తున బేరాలు వచ్చాయి. లండన్ వీధుల్లో ఇళ్ళ ముందు పేర్చిన సంచుల ఫొటో ఒకటి తెచ్చి, ఆమెకు కళ్ళు ఆనవు కాబట్టి, దానిలో ఏముందో వర్ణించి చెప్పాం. కాసేపు ఆలోచించి, "కుట్టు ఊడిపోనేదు కదా?" అని అడిగింది. ఊడలేదని చెప్పాం. ఊడి ఉంటే ఫొటోలో తెలిసేదే.

ఆ యుద్ధంలో ఎన్ని దేశాల్లో ఆడవాళ్ళు కర్మాగారాల్లోకి వెళ్ళారో మేము తరగతిలో వెతికి రాసుకున్నాం. బ్రిటన్‌లో 1941 డిసెంబరులో ఏకంగా చట్టమే వచ్చింది. 20 నుంచి 30 ఏళ్ళ లోపు పెళ్ళికాని ఆడవాళ్ళు యుద్ధానికి పనికొచ్చే ఏదో ఒక పనిలో చేరాల్సిందే. మన దేశంలో బొగ్గు గనుల లోపల ఆడవాళ్ళు పని చేయకూడదనే నిషేధం ఉండేది. బొగ్గు చాలక 1943లో దాన్ని ఎత్తేశారు, యుద్ధం అయిపోయాక 1946లో మళ్ళీ పెట్టారు. అవసరం వచ్చినప్పుడు పిలవడం, తీరగానే ఇంటికి పంపడం చాలా చోట్ల జరిగిందే.

మామ్మను ఏ చట్టమూ పిలవలేదు. ఖాళీ గాదె పిలిచింది. చంటిపిల్లను మొదట్లో అత్తగారి దగ్గర వదిలి వెళ్ళేది. మరుసటి ఏడాది జ్వరం తగిలి ఆ పిల్ల దక్కలేదు. ఆ సంగతి చెప్పినప్పుడు మామ్మ గొంతు మారలేదు. మాలో రాస్తున్న చెయ్యి మాత్రం ఆగింది. "రాయండి, రాయండి" అంది. "అది ఉండింది కదా. రాయాలి."

ఆ పిల్ల పేరు కూడా మా నోటుపుస్తకంలో ఉంది. మరే కాగితంలోనూ లేదు.

*

యుద్ధం అయ్యాక ఆమె మళ్ళీ పూర్తిగా పొలం మనిషయింది. ఇద్దరు కొడుకులు, ఒక కూతురు పుట్టారు. వాన పడిన ఏడు గింజలు, పడని ఏడు అప్పు. ఆ రోజుల్లో భిలాయి అనే మాట ఊళ్ళోకి వచ్చింది.

1955 ఫిబ్రవరి 2న మన దేశానికీ సోవియట్ యూనియన్‌కూ ఒప్పందం కుదిరింది. అప్పటి మధ్యప్రదేశ్‌లో, దుర్గ్ పక్కన, ఏడాదికి 10 లక్షల టన్నుల ఉక్కు చేసే కర్మాగారం కట్టాలి. దక్షిణాన దల్లీ రాజహరాలో ఇనుప ఖనిజం ఉంది, నందినిలో సున్నపురాయి ఉంది, కలకత్తా నుంచి బొంబాయి వెళ్ళే రైలు దారి పక్కనే ఉంది. ఇక కావలసింది చేతులు. ఉత్తరాంధ్రకు ఒక వీలు ఉంది. విజయనగరం నుంచి పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రాయ్‌పూర్ వెళ్ళే రైలు దారి 1931 నాటికే పూర్తయింది. విజయనగరంలో రైలెక్కినవాళ్ళు రాయ్‌పూర్‌లో దిగి బండి మారితే చాలు.

మామ్మ కుటుంబం వచ్చింది 1957లో. ఒక గోనెలో చోళ్ళు, ఒక ఇత్తడి బిందె, ఒక దబ్బనం. వచ్చాక చూస్తే ఇల్లు లేదు, ఊరూ లేదు. ఎర్రమట్టి, తవ్విన గోతులు, గాలికి ఎగిరే దుమ్ము. పాత గోనె సంచులు విప్పి, ఒకదానికొకటి కుట్టి, వెదురు గడలకు కట్టి గోడలు చేసింది. కుట్టు రాని ఇరుగుపొరుగు ఆడవాళ్ళకు కూడా కుట్టి పెట్టింది. "లండనోడి గోడా గోనే, నా గోడా గోనే" అని ఆమె అన్నప్పుడు మేము ఎంత నవ్వామంటే లోపల్నుంచి ఇంటివాళ్ళు బయటికి వచ్చి చూశారు.

ఛత్తీస్‌గఢ్‌లో మట్టి, ఇటుకలు మోసే కూలి ఆడవాళ్ళను రేజా అంటారు. మామ్మ రేజా అయింది. తల మీద చుట్టకుదురు, దాని మీద ఇనప తట్ట, తట్టలో మట్టి. పెద్ద కొలుముల పునాదుల కోసం తవ్విన గోతుల్లోంచి మట్టి పైకి, కంకర కిందికి. యంత్రాలు ఒక పక్క, మనుషుల వరుసలు ఒక పక్క. వరుసలో ముందు ఒరియా ఆమె, వెనక ఛత్తీస్‌గఢీ ఆమె. పాటలు ఎవరివి వాళ్ళవి, తట్ట మాత్రం ఒకటే. 6 నెలల్లో ఆ ఇద్దరి మాటలూ వచ్చేశాయి. బడికి వెళ్ళకుండా 4 భాషలు నేర్చుకున్న మనిషిని మేము అంతకు ముందు చూడలేదు.

పని జరిగే చోట ఒకసారి ఒక రష్యా ఆవిడను చూసిందట. కాగితాలు పట్టుకుని మగవాళ్ళకు పని చెబుతోందట. "ఆయమ్మ మొగోళ్ళకి పని చెప్తంటే ఆళ్ళు ఇంటన్నారు" అని ఇప్పటికీ ఆశ్చర్యపోతుంది. ఆ రష్యా వాళ్ళ దేశంలో, ఉరల్ కొండల దగ్గరి మాగ్నితోగోర్స్క్ వంటి ఉక్కు పట్టణాల్లో, మగవాళ్ళు యుద్ధభూమికి వెళ్ళినప్పుడు ఆడవాళ్ళే కొలుముల దగ్గర నిలబడ్డారని మేము చెప్పాం. "మరి నాకప్పుడు తెల్దు కదా! తెలిస్తే పలకరించుదును" అంది.

ప్రతి ఏడాదీ ఉడుపులకు ఊరు వెళ్ళి వచ్చేది. ఆషాఢంలో రైలెక్కి నాట్లు వేసి రావడం, కోతలకు మళ్ళీ వెళ్ళడం. ఇక్కడ మోసిన మట్టి డబ్బు అక్కడి చేనుకు ఎరువయింది. అక్కడి గింజలు ఇక్కడి పొయ్యి మీద ఉడికాయి. రెండు ఊళ్ళను ఆమె తన కాళ్ళతో కలిపి కుట్టింది. కూతురి పెళ్ళికి ఆ చేను అమ్మేశారు. ఆ తర్వాత ఊరు వెళ్ళలేదు. "ఎల్లి ఏం చేస్తాను? ఆళ్ళ చేను గట్టు మీద కూకోనా?"

ఈ మధ్యలో ఇంకో తమాషా జరిగింది. ఆమె పుట్టినప్పుడు వాళ్ళ పల్లె మద్రాసు రాజధానిలో ఉండేది. 1953లో ఆంధ్ర రాష్ట్రంలోకి, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చింది. 1979లో విజయనగరం జిల్లా అయింది. ఆమె వచ్చి చేరిన భిలాయి మధ్యప్రదేశ్‌లో ఉండేది. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ అయింది. మనం బదిలీ అవుతామని బాధపడతాం. మామ్మ కూర్చున్నచోటే ఉంది, రాష్ట్రాలే వచ్చి వెళ్ళాయి.

*

ఇప్పుడు మా తప్పు ఒకటి చెప్పాలి.

పిల్లలు ఆమె మాటల్ని విన్నది విన్నట్టు రాసుకొచ్చారు. 'ఎల్లిపోనాం', 'నేదు', 'ఏటి', 'ఇసక'. మాలో ఎర్రకలం ఉన్నది ఒక్కరి చేతిలోనే. ఆ చెయ్యి అలవాటుగా పని చేసింది. 'వెళ్ళిపోయాము', 'లేదు', 'ఏమిటి', 'ఇసుక'. పుస్తకం శుభ్రంగా తయారైంది. దాన్ని తీసుకుని ఖుర్సీపార్ వెళ్ళి, మిల్లు భాగం మొత్తం మామ్మకు చదివి వినిపించాం. శ్రద్ధగా విన్నది. చివర్లో అంది:

"బాగుంది. ఎవుల కతే ఇది?"

ఎకసెక్కం కాదు. నిజంగానే అడిగింది. తన మాటలు తీసేసిన కథలో ఆమెకు తాను కనిపించలేదు.

తిరిగి వస్తున్నప్పుడు ఆటోలో ఎవరమూ మాట్లాడుకోలేదు. సొంతూరు లేదని బెంగపడే మనం, ఒక మనిషికి మిగిలిన సొంతూరిని ఎర్రసిరాతో కొట్టేశాం. నెల్లిమర్ల పక్క పల్లె ఆమె నోట్లోనే ఉంది. చేను అమ్మినా ఆ మాట అమ్మలేదు. 67 ఏళ్ళుగా దాన్ని ఈ ఊళ్ళో మోస్తూనే ఉంది. ఆ వారమంతా కూర్చుని దిద్దుబాట్లను దిద్దుకున్నాం. పరీక్షలో మాత్రం 'వెళ్ళాము' అనే రాయాలని పిల్లలకు చెప్పాం. మామ్మ మాట మాత్రం మామ్మ మాటలాగే ఉండాలని కూడా చెప్పాం. రెండూ తెలుగే. ఒకటి పైనా ఒకటి కిందా కాదు.

మళ్ళీ చదివినప్పుడు మధ్యలోనే ఆపింది. "నలుగురం కాదు, అయిదుగురం నడిచేవోళ్ళం. నన్ను ఎట్టుకుని" అంది. ఇప్పుడు అది తన కథ కాబట్టి లెక్క సరిచూసుకుంది.

*

మొదటి కొలిమిని అప్పటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ గారు 1959 ఫిబ్రవరి 4న ప్రారంభించారు. ఆ రోజు సంగతి అడిగాం. దూరంగా జనం, జెండాలు తప్ప తనకేమీ గుర్తు లేదంది. కొన్నాళ్ళ తర్వాత ఒక రాత్రి ఆకాశం పొద్దు పొడిచినట్టు ఎర్రబడితే పిల్లలు భయపడి లేచారట. కొలిమి నుంచి వచ్చిన వేడి చిట్టెం పారబోసినప్పటి వెలుగు అది. భర్తకు కర్మాగారంలో కలాసీగా పని దొరికింది. ఆమె తర్వాత చాలా ఏళ్ళు సెక్టార్లలో క్వార్టర్ల కట్టుబడికి ఇటుకలు మోసింది. కర్మాగారం నడవడం మొదలయ్యాక ఆమె గేటు లోపలికి వెళ్ళలేదు. కరిగిన ఇనుము ఎలా పారుతుందో చూడనే లేదు.

మాకు ఇది అన్యాయంగా తోచింది. పునాదికి మట్టి మోసిన మనిషి ఒక్కసారైనా చూడవద్దా? ఎవరిని అడగాలి, అర్జీ ఎలా రాయాలి అని ఆమె ముందే చర్చ మొదలుపెట్టాం. ఆమె చెయ్యి ఊపింది.

"వద్దు బాబూ. నాను మోసింది పునాదికి. పునాది అగుపడిందంటే గోడ కూలిపోనాదన్నమాట కదేటి? అగుపడకపోతేనే బాగున్నట్టు."

మేము అర్జీ రాయలేదు.

*

డిసెంబరులో, గీత గీసిన అమ్మాయి నాన్నగారికి గువాహటి బదిలీ వచ్చింది. చివరి రోజున ఆమె తన వంతు పేజీలు నోటుపుస్తకంలో అతికించి, మామ్మ దగ్గరికి వెళ్ళి చెప్పి వచ్చింది. ఇలాంటి వీడ్కోళ్ళు మీ అందరికీ తెలిసినవే. మళ్ళీ కలుద్దాం అంటాం. ఎక్కడ అని ఎవరమూ అడగం.

వెళ్ళేముందు తరగతిలో ఆమెకు ఒక సంగతి చెప్పాం. మన రైల్వేలకు పట్టాలు చేసి ఇచ్చే ప్రధానమైన కర్మాగారం మన భిలాయిదే. ఇప్పుడు ఇక్కడ 130 మీటర్ల పట్టాను మధ్యలో అతుకు లేకుండా ఒకే ముక్కగా చేస్తున్నారు. ప్రతి పట్టా పక్కన ఉబ్బెత్తు అక్షరాలతో చేసిన కర్మాగారం గుర్తు, నెల, సంవత్సరం ఉంటాయి. పట్టాకు పుట్టిన నెల రాసి ఉంది. మామ్మకు లేదు. ఆ తేడా మాలో ఎవరో పైకే అన్నారు.

జనవరిలో ఒక ఆదివారం మేము మామ్మ దగ్గర కూర్చుని ఉండగా ఫోన్ మోగింది. ఆ అమ్మాయే. ఒక స్టేషన్లో ప్లాట్‌ఫారం మీద నిలబడే, ఎదుటి లైను పట్టా మీది అక్షరాలు చదివిందట. (పట్టాల మీదికి దిగలేదు. ఈ పత్రిక చదివేవాళ్ళెవరూ దిగకూడదు.) భిలాయి గుర్తు ఉందట. సంవత్సరం 2016 అట. ఫోన్ స్పీకర్లో పెట్టి, మామ్మకు అర్థమయ్యేలా విడమరిచి చెప్పాం. నువ్వు మట్టి మోసిన చోట చేసిన పట్టా అంత దూరంలో ఉంది, దాన్ని ఆ పిల్ల చూసింది అని.

మామ్మ కాసేపు దబ్బనం చుట్టిన గుడ్డను వేళ్ళతో తడుముతూ ఉంది.

"మన పట్టా అక్కడికీ ఎల్లినాదేటి? అయితే ఆ గుంట బెంగెట్టుకోదులే."

ఆ నోటుపుస్తకం ఇప్పుడు మన బడి గ్రంథాలయంలో, తెలుగు అరలో ఉంది. మాలో టీచరుకు కూడా ఈ ఏడో వచ్చే ఏడో బదిలీ రావచ్చు. పుస్తకం మాత్రం కదలదు. మీకు భిలాయి పడితే వచ్చి చదవండి. వేరే ఊరు పడితే, అక్కడ అరుగు మీద కూర్చున్న ఒక పెద్దమనిషిని వెతకండి. వాళ్ళ మాటను దిద్దకుండా రాసుకోండి. ఏ ఊరని వాళ్ళు మిమ్మల్ని అడిగితే రాత్రి ఎక్కడ పడుకున్నారో చెప్పండి, చాలు.

మొదటి పేజీలో పుట్టిన తేదీ గడి చాలా రోజులు ఖాళీగా ఉండింది. అక్కడ గీత గీయడానికి మాలో ఎవరూ ఒప్పుకోలేదు. అందరం కలిసి ఇలా రాశాం: 'విశాఖలో బాంబులు పడిన ఏడాది చంటిపిల్ల తల్లి. గోనె మిల్లులో, వరి మడిలో, భిలాయి పునాదిలో పని చేసిన మనిషి.'

ఆధార్ కార్డులో పట్టదుగానీ, మా పేజీలో పట్టింది.